మస్కట్ హోటళ్లు: గది అద్దె ఎంత, గది సర్దే మనిషి జీతం ఎంత

ఒమన్ రాజధాని మస్కట్ తీరం వెంట ఈమధ్య వచ్చిన పెద్ద హోటళ్లు వరసగా చెబుతాను. 2018లో కెంపిన్‌స్కీ, 2019లో డబ్ల్యూ, 2022లో జుమేరా, 2024లో మాండరిన్ ఓరియంటల్, సెయింట్ రీజిస్. ఊరికి తూర్పున యితి వైపు కొండల మధ్య ఇంకా కడుతూనే ఉన్నారు. దక్షిణాన సలాలాలో, జబల్ అఖ్దర్ కొండ మీద, ఉత్తర కొసన ముసందంలో వచ్చినవి వేరే. 2018 మార్చిలో తెరిచిన కొత్త ఎయిర్‌పోర్ట్ టెర్మినల్‌ని ఏడాదికి రెండు కోట్ల మంది ప్రయాణికులకు సరిపోయేలా కట్టారు. 2040 నాటికి ఏడాదికి 1 కోటీ 10 లక్షల మంది సందర్శకులు రావాలనీ, పర్యాటకం వల్ల ఐదు లక్షలకు పైగా ఉద్యోగాలు పుట్టాలనీ ప్రభుత్వం రాసుకుంది. ఇప్పుడు వస్తున్నవాళ్లు దాదాపు నలభై లక్షల మంది.

హోటల్ తెరిచిన రోజు పేపర్లో గదులెన్ని, సూట్లెన్ని, రెస్టారెంట్లెన్ని అని వస్తుంది. ఆ గదులు ఎవరు తుడుస్తారు, వాళ్లకి నెలకి ఎంత ఇస్తారు అన్నది రాదు. నేను పనిచేసేది ఆ రాయని భాగంలోనే.

మాది అమలాపురం దగ్గర పల్లె. మా వైపు మస్కట్, కువైట్, దుబాయ్ అన్నవి పక్క మండలాల పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. మా అమ్మ మస్కట్‌లో ఒక ఇంట్లో పనికి వచ్చి, ఆ డబ్బుతో నన్ను హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా చదివించింది. నేనూ మస్కట్‌కే వచ్చాను, కాకపోతే హోటల్‌కి. గదులు సర్దడంతో మొదలుపెట్టి ఇప్పుడు హౌస్‌కీపింగ్‌లో సూపర్‌వైజర్‌ని. పనిచేసిన హోటళ్ల పేర్లు చెప్పను, నేను రాసేది ఏ ఒక్క హోటల్‌కీ సంబంధించింది కాదు.

నా వాదన ఇది. ఒమన్ హోటళ్లలో ఒక పనికి ఒకే జీతం ఉండాలి. ఆ పని చేసేది ఇక్కడి సోహార్ ఊరి అమ్మాయైనా, కోనసీమ అమ్మాయైనా, నేపాల్ అబ్బాయైనా సరే. అలా చేస్తే ఇక్కడ మనవాళ్ల సంఖ్య తగ్గుతుంది. తగ్గుతుందని తెలిసే, అలా చెయ్యాలంటున్నాను.

ఈ దేశం పర్యాటకాన్ని ఎందుకింత నమ్ముకుందో ముందు చెప్పాలి. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తంలో తారు రోడ్డు పది కిలోమీటర్లు, బడులు మూడు. ఆ తర్వాత వచ్చినదంతా చమురు డబ్బుతో వచ్చింది. రోడ్లు, ఆస్పత్రులు, యూనివర్సిటీ అన్నీ. కానీ పక్క దేశాలతో పోలిస్తే ఇక్కడి చమురు తక్కువ, తియ్యడానికి ఖర్చు ఎక్కువ. 2014లో ధర పడిపోయినప్పుడూ, మళ్లీ 2020లో కరోనాతో పాటు పడిపోయినప్పుడూ ఖజానా ఎంత ఇరుకున పడిందో ఇక్కడున్న అందరం చూశాం. 2021 ఏప్రిల్‌లో 5 శాతం వ్యాట్ వచ్చింది. చమురు లేని రోజు కోసం ఇప్పుడే ఇంకో ఆదాయం చూసుకోవాలన్న ఆలోచనలో తప్పు పట్టడానికేమీ లేదు. 2005లో ఒమ్రాన్ అనే ప్రభుత్వ కంపెనీని ఈ పని కోసమే పెట్టారు. ఆ తర్వాత కొన్ని టూరిజం ప్రాజెక్టుల్లో విదేశీయులు ఇళ్లు కొనుక్కోవచ్చని చట్టం చేశారు. సముద్రం పక్కన విల్లాలు, మెరీనాలు, గోల్ఫ్ మైదానాలు అలా వచ్చాయి.

ఇంత కట్టినా మస్కట్ మస్కట్‌లాగే ఉంది. ఈ విషయంలో వీళ్లంటే నాకు చాలా గౌరవం. కట్టడాల ఎత్తు మీద, రంగు మీద నిబంధనలు పెట్టి పాటించారు. తెల్లటి ఇళ్లు, వాటి వెనక గోధుమరంగు కొండలు, మధ్యలో మసీదు మినార్లు. ఎక్కడ నిలబడినా కొండ కనిపిస్తుంది. దుబాయ్ ఒక దారి పట్టింది, వీళ్లు ఇంకో దారి పట్టారు. ఎక్కువమంది రావడం కంటే, వచ్చినవాళ్లు ఎక్కువ రోజులుండి ఎక్కువ ఖర్చుపెట్టడం మేలనుకున్నారు. 1985లో గల్ఫ్ దేశాధినేతల సమావేశం కోసం అల్ బుస్తాన్ ప్యాలెస్ కట్టినప్పటి నుంచీ ఇదే ధోరణి. ఆ హోటల్ కోసం అక్కడున్న జాలరి పల్లెని పక్కకి జరిపారు. పల్లె ఇప్పటికీ దాని పక్కనే ఉంది.

ఇక జీతం సంగతి.

ప్రైవేటు కంపెనీల్లో పనిచేసే ఒమన్ పౌరులకి కనీస వేతనం ఉంది. 2013 నుంచి నెలకి 325 రియాల్స్. విదేశీయులకి అలాంటి కనీసం ఏదీ చట్టంలో లేదు. మన దగ్గర్నుంచి వచ్చిన మనిషికి ఎంతివ్వాలన్నది కాంట్రాక్టును బట్టి, ఏజెంట్‌ను బట్టి, ఊళ్లో అతని అవసరాన్ని బట్టి తేలుతుంది. అందుకే ఒకే అంతస్తులో, ఒకే ట్రాలీతో, ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరి జీతం రెండోవాళ్ల దాంట్లో సగం కూడా ఉండకపోవచ్చు. సీజన్‌లో పెద్ద హోటళ్లలో ఒక రాత్రి గది అద్దె, ఆ గది సర్దే మనిషి నెల జీతాన్ని దాటిపోతుంది. నేను చూస్తూ ఉన్నదే చెబుతున్నాను.

పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గెస్ట్ ఉండగా సర్దే గదికి అరగంట పడుతుంది. చెక్అవుట్ అయిన గదికి ముప్పావు గంట, పిల్లలున్న కుటుంబం ఖాళీ చేసిన గదైతే ఇంకా ఎక్కువ. రోజుకి పద్నాలుగు గదులు మామూలు. సీజన్‌లో, అంటే అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, పదహారు కూడా అవుతాయి. మంచం పరుపు ఒక్కోటి ఎంత బరువుంటుందో వంగి దాని మూల ఎత్తి దుప్పటి దోపినవాళ్లకి తెలుస్తుంది. నడుము నొప్పి లేని రూమ్ అటెండెంట్‌ని నేను చూడలేదు. బాత్‌రూమ్ అద్దం మీద నీటి చుక్క మరక ఉండకూడదు, కర్టెన్ మడతలు సమానంగా ఉండాలి, మినీబార్ లెక్క తప్పకూడదు. ఇది నేర్చుకోవాల్సిన పని, అనుభవంతో పదునెక్కే పని. కానీ ఎవరైనా చేసేస్తారన్నట్టు జీతం కడతారు.

ఇందులో చాలామంది నేరుగా హోటల్ ఉద్యోగులు కూడా కారు. క్లీనింగ్ కంపెనీ మనుషుల్ని సప్లై చేస్తుంది, హోటల్ ఆ కంపెనీకి మనిషికింత అని కడుతుంది, మధ్యలో కంపెనీ తన వాటా తీసుకుంటుంది. యూనిఫాం మీద హోటల్ పేరుంటుంది, వీసా మీద ఇంకో పేరుంటుంది. బిల్లులో గెస్టులు కట్టే సర్వీస్ ఛార్జీలో పైసా కూడా వీళ్లకి దక్కని చోట్లు ఉన్నాయి.

ఒమన్ తన యువతకి ఉద్యోగాలివ్వాలని గట్టిగా ప్రయత్నిస్తోంది, అదీ ఇప్పటి మాట కాదు. విదేశీయుల బదులు ఒమనీలని ఉద్యోగాల్లో పెట్టే విధానం, ఒమనైజేషన్, 1988లో మొదలైంది. 2018 జనవరిలో 87 రకాల ఉద్యోగాలకి కొత్త విదేశీ వీసాలు ఆపేశారు. అంతకుముందే 2011లో సోహార్‌లో ఉద్యోగాల కోసం కుర్రాళ్లు రోడ్డెక్కారు, ఆ తర్వాత కూడా 2021 మే నెలలో మళ్లీ ఎక్కారు. ఒకపక్క హోటళ్లలో మనుషులు దొరకట్లేదంటారు, ఇంకోపక్క చదువుకున్న పిల్లలు పని లేదంటారు. రెండూ నిజమే. మధ్యలో అడ్డం పడుతున్నదేమిటో మా సర్వీస్ కారిడార్‌లో నిలబడితే కనిపిస్తుంది.

లాబీలో ఇక్కడి పొడవాటి అంగీ దిష్‌దాషా వేసుకున్న ఒమనీ యువకుడు ఖహ్వా అనే అరబ్బీ కాఫీతో, ఖర్జూరాలతో గెస్ట్‌ని ఆహ్వానిస్తాడు. రిసెప్షన్‌లో ఒమనీ అమ్మాయిలుంటారు. హెచ్‌ఆర్‌లో, సెక్యూరిటీలో, డ్రైవర్లలో వాళ్లే ఎక్కువ. స్టాఫ్ డోర్ దాటి వెనక్కి వస్తే మనుషులు మారిపోతారు. నేపాలీలు, బంగ్లాదేశీయులు, ఫిలిప్పీన్స్ వాళ్లు, మలయాళీలు, మనవాళ్లు. చట్టం అడిగిన శాతం ముందు భాగంలో నిండిపోతుంది, వెనక భాగం చవక జీతాల మీద నడుస్తుంది. నిజానికి హోటల్ పని నేర్పేది ఆ వెనక భాగమే. హౌస్‌కీపింగ్, కిచెన్, లాండ్రీ, స్టోర్స్ తెలియకుండా రేపు జనరల్ మేనేజర్ అయ్యే ఒమనీ కుర్రాడు ఎక్కణ్ణుంచి వస్తాడు?

"వాళ్లకి బద్ధకం, మనలా కష్టపడలేరు" అని మనవాళ్లు చాలా తేలిగ్గా అనేస్తారు. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. నా దగ్గర ట్రెయినింగ్‌కి వచ్చిన ఒమనీ అమ్మాయిల్లో మస్కట్ అవతల ఉన్న బర్కా అనే ఊరి నుంచి వచ్చే ఒకమ్మాయి ఉండేది. చెయ్యి చాలా చురుకు. నెల తిరక్కుండానే గది తీరు పట్టేసింది, గెస్టులతో మాట తీరు నాకంటే బాగుండేది. కొన్నాళ్లకి మానేస్తానని వచ్చింది. కారణం అడిగితే, "మేడమ్, మీ బస్సు మీ క్యాంప్‌కే వెళ్తుంది. రాత్రి పదకొండుకి డ్యూటీ దిగితే నేను ఇంటికెలా వెళ్లను? రోజూ మా అన్నయ్య కారేసుకుని రావాలి. పెట్రోలుకి, కారు వాయిదాకి పోగా మిగిలేదేమిటి?" అంది.

ఆ మాట తర్వాత నేను చాలా ఆలోచించాను. హోటల్ మన దగ్గర కొనుక్కుంటున్నది తక్కువ జీతానికి దొరికే పనిని మాత్రమే కాదు. ఇల్లు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు అందరినీ ఊళ్లో వదిలేసి, క్యాంప్‌లో ఆరుగురితో గది పంచుకుని, ఏ షిఫ్ట్‌కి పిలిస్తే ఆ షిఫ్ట్‌కి సిద్ధంగా ఉండే మనిషిని కొనుక్కుంటోంది. పొద్దున నాలుగు గంటలు, సాయంత్రం నాలుగు గంటలు అని స్ప్లిట్ డ్యూటీ వేస్తే మధ్యలో మనం క్యాంప్‌కెళ్లి పడుకుంటాం. ఇంట్లో చంటిపిల్లలున్న బర్కా తల్లి ఆ మధ్య గంటలు ఏం చేస్తుంది? ఇల్లున్న మనిషి, ఇల్లు వదిలొచ్చిన మనిషితో పోటీ పడలేడు. మన చవకతనం వల్ల ఒమనీ పిల్లలు ఆ పనిలోకి రాలేకపోతున్నారు. వాళ్లు రారు కాబట్టి ఆ పనికి గౌరవం పెరగదు, జీతమూ పెరగదు. దానివల్ల నష్టపోయేది మళ్లీ మనమే. ఒక పనికి ఒకే జీతం అన్నదాన్ని మనవాళ్ల కోసం కూడా అడుగుతున్నది అందుకే. దానితో పాటు షిఫ్టులు మనుషులు బతికేలా ఉండాలి, స్టాఫ్ బస్సు క్యాంప్‌కే కాకుండా బర్కాకీ సీబ్‌కీ కూడా వెళ్లాలి.

లాండ్రీలో పనిచేసే జగిత్యాల తమ్ముడితో ఈ మాటే అన్నాను. "అక్కా, గిట్ల మాట్లాడితే మనోళ్ల నోటికాడి బుక్క గుంజినట్టే గదా. ఊర్లె పనుంటే మేమెందుకొస్తం?" అన్నాడు. అతనికి ఊళ్లో అప్పుంది. ఏజెంట్‌కి లక్షన్నర కట్టి వచ్చాడు. ఏజెంట్ ముప్పై వేల రూపాయల కంటే ఎక్కువ ఫీజు తీసుకోకూడదని మన దేశపు రూలు, ఆ మీద జీఎస్టీ ఒక్కటే. ఆ సంగతి అతనికి ఇక్కడికొచ్చాకే తెలిసింది. అతని ప్రశ్నని తీసిపారెయ్యలేను.

కానీ చవకగా ఉంటేనే మనకి పని దొరుకుతుందన్న వాదన మనల్ని ఎక్కడికి తీసుకెళ్లిందో ఒకసారి చూశాం. 2020 సెప్టెంబరులో, కరోనా మధ్యలో, మన కేంద్ర ప్రభుత్వమే గల్ఫ్‌కి వెళ్లే కార్మికుల కనీస వేతన సిఫారసుల్ని తగ్గించేసింది. కొన్ని పనులకి దాదాపు సగానికి సగం. జీతాలు తగ్గించకపోతే మనవాళ్ల ఉద్యోగాలు వేరే దేశాల వాళ్లకి పోతాయన్నది అప్పుడు చెప్పిన కారణం. తెలంగాణలో గల్ఫ్ కార్మికుల కోసం పనిచేసేవాళ్లు హైకోర్టుకి వెళ్లారు. 2021లో ప్రభుత్వం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. ఆ కొద్ది నెలల్లోనే ఇక్కడ కాంట్రాక్టు రెన్యూవల్‌కి వచ్చిన మనవాళ్లకి, "మీ ప్రభుత్వమే ఇంత చాలంటోంది" అని కాగితం చూపించి మాట్లాడినవాళ్లున్నారు. మన ధర మనమే దించుకుంటే ఎవరో వచ్చి పెంచరు.

కరోనా ఇంకో విషయం కూడా చూపించింది. 2020లో ఒమన్ నుంచి రెండు లక్షలకి పైగా విదేశీ కార్మికులు వెళ్లిపోయారు. హోటళ్లు మూతపడ్డాయి. మమ్మల్ని కొందరిని జీతం లేని సెలవు మీద పెట్టారు, కొందరిని కరోనాలో మనవాళ్లని తీసుకెళ్లడానికి మన ప్రభుత్వం వేసిన వందే భారత్ విమానాలెక్కించారు. మళ్లీ తెరిచాక మనుషులు కావాల్సివచ్చింది. సరిగ్గా అప్పుడే, 2021 జనవరి నుంచి, నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ రూలు తీసేశారు. అంతకుముందు పాత యజమాని ఆ కాగితం ఇవ్వకపోతే కొత్త ఉద్యోగంలో చేరడానికి రెండేళ్లు ఆగాల్సివచ్చేది. అది పోగానే కాంట్రాక్టు అయిపోయినవాళ్లు వేరే హోటళ్లకి మారారు. నేనూ అలాగే మారాను. మారిన చోట జీతం పెరిగింది, వారానికి ఒక సెలవు కచ్చితంగా దొరికింది. మారిపోగలడన్న భయం ఉంటేనే యజమాని జీతం గురించి ఆలోచిస్తాడు. నేను అడుగుతున్నది ఆ దారిలో ఇంకో అడుగు.

జీతాలు పెంచితే గదుల ధరలు పెరిగి టూరిస్టులు ఇంకో దేశానికి పోతారని మేనేజర్లు అంటారు. ఒమన్ ఇప్పటికే చవక దేశం కాదు, చవక కావాలని అనుకోనూ లేదు. గది ధరలో కట్టడం అప్పు ఉంటుంది, ఏసీ కరెంటు ఉంటుంది, పేరు వాడుకున్నందుకు బ్రాండ్‌కి కట్టేది ఉంటుంది, ఆన్‌లైన్ బుకింగ్ వాళ్ల కమిషన్ పదిహేను శాతం, ఆ పైన కూడా ఉంటుంది. అన్నీ కట్టి, తుడిచే మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం గిట్టుబాటు కాదనడం న్యాయమా? బుకింగ్ సైట్లలో గెస్టులు రాసే మాటల్లో గది శుభ్రత, స్టాఫ్ మర్యాద ఎప్పుడూ ముందే ఉంటాయి. అంటే గది అమ్ముడుపోతున్నదే ఈ మనుషుల వల్ల.

పని స్థానికుల చేతుల్లో ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే కొండల్లోకి వెళ్లాలి. మస్కట్ నుంచి రెండున్నర గంటలు వెళ్తే మిస్ఫాత్ అల్ అబ్రియీన్ అనే ఊరు వస్తుంది. కొండ అంచున రాళ్లు, మట్టితో కట్టిన పాత ఇళ్లు, కింద మెట్లు మెట్లుగా ఖర్జూరం, అరటి, నిమ్మ తోటలు. తోటల మధ్య నుంచి ఫలజ్ అనే కాలువ నీళ్లు గలగలా పారుతుంటాయి. ఊరివాళ్లే పాత ఇళ్లని బాగుచేసుకుని బసలుగా మార్చారు. పక్క పరిచేదీ, వంట చేసేదీ, నీళ్ల కథ చెప్పేదీ వాళ్లే. భుజాలూ మోకాళ్లూ కప్పుకుని రండి అని ఊరి మొదట్లో బోర్డు ఉంటుంది. తమ ఊరికి ఎవరు ఎలా రావాలో వాళ్లే చెబుతున్నారు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో ఈ ఊరిని చేర్చింది. నిజ్వా కోట పక్కనున్న పాత పేట హారత్ అల్ అఖర్‌లోనూ స్థానికులే డబ్బు కూడేసుకుని పాడుపడిన ఇళ్లని బాగుచేసి బసలు, కాఫీ హోటళ్లు పెట్టారు. శుక్రవారం పొద్దున మేకల సంత చూడ్డానికి ముందురోజు రాత్రే వచ్చేవాళ్లతో అవి నిండిపోతుంటాయి. ఒమన్ యువకులు ఈ పని చెయ్యరనేవాళ్లని అక్కడికి తీసుకెళ్లాలి.

మిస్ఫాత్ అంతా బాగుందని నేననను. వారాంతాల్లో కార్లతో ఊరు ఊపిరాడకుండా అయిపోతుంది. కానీ ఆ ఇబ్బంది గురించి మాట్లాడుకునేదీ, తేల్చుకునేదీ ఊరివాళ్లే.

నీళ్ల సంగతి కూడా చెప్పకుండా ఉండలేను, గోదావరి పాయల మధ్య పుట్టినదాన్ని కదా. ఒమన్‌లో ఒక్క పెద్ద నది లేదు. కొండ కింద ఊటల నుంచి వాలు చూసి తవ్విన కాలువల్లో నీళ్లని మైళ్లకి మైళ్లు తీసుకొస్తారు. అవే ఫలజ్‌లు. మూడు వేలకి పైగా ఇప్పటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఎవరి పొలానికి ఎంతసేపు నీళ్లో పగలు నీడ కొలిచి, రాత్రి నక్షత్రాలు చూసి పంచుకున్న ఊళ్లివి. జబల్ అఖ్దర్ మీద, రెండు వేల మీటర్ల ఎత్తున సైక్ పీఠభూమి చుట్టూ ఉన్న ఊళ్లలో వసంతంలో గులాబీలు కోసి మట్టి పొయ్యిల మీద పన్నీరు దించుతారు. దానిమ్మలకీ ఆ కొండే పేరు. అదే కొండ మీద ఇప్పుడు లోయ అంచున పెద్ద రిసార్టులున్నాయి, ఈత కొలనులున్నాయి. ఒక గెస్ట్ గదిలో రోజుకి ఎన్ని తువ్వాళ్లు, ఎన్ని దుప్పట్లు లాండ్రీకి వెళ్తాయో నాకు తెలుసు. ఆ ఎత్తున ప్రతి బకెట్ నీళ్లకీ లెక్క ఉండాలి. కొండ మీద కొత్త హోటల్‌కి అనుమతి ఇచ్చేముందు, కింద తోటల ఫలజ్ ఎంత పారుతోందో చూసి, ఊరి పెద్దల్ని అడిగి ఇవ్వాలి. 2007లో అరేబియన్ ఓరిక్స్ అభయారణ్యం విస్తీర్ణాన్ని చమురు వెతకడం కోసం తొంభై శాతం తగ్గించేశారు. దాంతో యునెస్కో తన జాబితాలోంచి తీసేసిన మొట్టమొదటి చోటుగా అది మిగిలిపోయింది. పోగొట్టుకోవడం ఎంత తేలికో ఈ దేశానికి తెలుసు.

సలాలా సంగతి వేరు, అక్కడికెళ్తే నాకు ప్రాణం లేచొస్తుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్, అంటే అక్కడి వానల కాలం. మస్కట్ నలభై అయిదు డిగ్రీల్లో మాడుతుంటే అక్కడ సన్నటి జల్లు, పచ్చటి కొండలు, పొగమంచు. రోడ్డు పక్కన కొబ్బరి తోటలు, అరటి తోటలు, బడ్డీల్లో బొండాలు. కోనసీమలో దిగానేమో అనిపిస్తుంది. 2024 ఖరీఫ్‌కి పది లక్షలకి పైగా వచ్చారు. అందులో ఎక్కువమంది ఒమనీలే, తర్వాత ఎమిరేట్స్, సౌదీ కుటుంబాలు. వెయ్యి కిలోమీటర్లు ఎడారిలో కారు నడుపుకుని పిల్లాపాపలతో వస్తారు. స్థానికులు తమ ఇళ్లూ ఫ్లాట్లూ అద్దెకిస్తారు, ఆ డబ్బు ఊళ్లోనే తిరుగుతుంది. యూరప్ నుంచి చార్టర్ విమానాల్లో వచ్చి తీరం దాటి బయటికి రాని శీతాకాలపు గెస్టుల కంటే ఈ జనం వల్లే సలాలా ఉన్న ధోఫార్ ప్రాంతానికి ఎక్కువ మేలు జరుగుతోందని నాకనిపిస్తుంది. ప్రభుత్వం పోస్టర్లు వేసేటప్పుడు వీళ్లని కూడా చూడాలి.

మళ్లీ మనవాళ్ల దగ్గరికొస్తాను. మన సంఖ్య తగ్గితే ఊళ్లో ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే ఒమన్‌ని అడిగేది ఒకటుంటే, మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాల్ని అడగాల్సింది అంతకంటే ఎక్కువ ఉంది. పని రాని మనిషిని పంపించి, చనిపోతే శవపేటిక తెప్పించడానికి పరుగులు తీసే పద్ధతి మారాలి. హౌస్‌కీపింగ్, బేకరీ, ఏసీ మెకానిక్, లాండ్రీ మెషిన్లు, ఇవన్నీ ఆరు నెలలు సరిగ్గా నేర్పి సర్టిఫికెట్ ఇచ్చి పంపగలిగినవే. పని వచ్చిన మనిషి జీతం బేరమాడగలడు. కేరళ వాళ్లు, ఫిలిప్పీన్స్ వాళ్లు మనకంటే పై మెట్టులో ఉండటానికి ఇంగ్లిషు ఒక్కటే కారణం కాదు, వాళ్ల వెనక వాళ్ల ప్రభుత్వాలు నిలబడ్డాయి.

ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. 2023లో ఒమన్ కొత్త కార్మిక చట్టం తెచ్చింది. ప్రసూతి సెలవు 98 రోజులు చేసింది. మంచి చట్టమే. కానీ ఇంటిపని వాళ్లని ఆ చట్టం పరిధిలోకి తీసుకోలేదు. మా అమ్మ పనిచేసిన ఇల్లు మంచిది కాబట్టి ఆమె బాగానే తిరిగొచ్చింది. ఒక మనిషి బాగోగులు యజమాని మంచితనం మీద ఆధారపడకూడదు.

కొత్త హోటళ్ల పేరు చెప్పి ఆ ఇళ్లకే మనుషుల్ని పంపే ఏజెంట్లున్నారు. కిందటి నెలలో రాజోలు వైపు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, కొత్తగా తెరిచే ఫైవ్‌స్టార్ హోటల్లో రూమ్ అటెండెంట్ అంట. విజిట్ వీసా మీద వచ్చెయ్యి, దిగాక మారుస్తాం అంటున్నారు" అంది. 2023 అక్టోబరు చివర్లోనే ఇక్కడ విజిట్ వీసాని దేశంలో ఉండగా వర్క్ వీసాగా మార్చడం ఆపేశారని చెప్పాను. ఏజెంట్ లైసెన్సు నంబరు అడిగి మన ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ సైట్‌లో చూడమన్నాను. కాంట్రాక్టులో హోటల్ పేరుందా, సప్లై కంపెనీ పేరుందా, బేసిక్ ఎంత, తిండీ గదీ ఎవరిచ్చేది, వారానికి సెలవెన్ని, తిరుగు టికెట్ ఎవరిది, ఇవి రాతలో తెప్పించుకోమన్నాను. ఆమె పాస్‌పోర్ట్ ఈసీఆర్ అయితే, అంటే వెళ్లేముందు ఎమిగ్రేషన్ అనుమతి తీసుకోవాల్సిన రకం అయితే, వయసు ముప్పై దాటకుండా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ రాదని కూడా చెప్పాను. రెండు రోజుల తర్వాత మళ్లీ ఫోన్ చేసింది. కాంట్రాక్టు కాగితం అడిగేసరికి ఏజెంట్ ఫోన్ ఎత్తడం మానేశాడట. అమలాపురంలో హోటల్ కోర్సు ఎక్కడ చెబుతారో కనుక్కుని చెప్పమంది. కనుక్కుంటున్నాను.